చారిత్రక సలోమమ్మ

మా కాలేజీ హాస్టల్లో ఇరవయ్యారేళ్లుగా వండిపెడుతున్న సలోమమ్మ అనే మనిషి అసలు ఉందా లేదా అని తేల్చడానికి కమిటీ కూర్చున్న రోజున, ఆ కమిటీకి టీ కాచి తెచ్చింది సలోమమ్మే. టీలో అల్లం కాస్త ఎక్కువైందని కమిటీ అభిప్రాయపడింది. ఆ సంగతి మినిట్స్‌లో రాశాను. రాయడం నా ఉద్యోగం. ఆ కాలేజీ ఆఫీసులో హెడ్ గుమాస్తాని నేను. పేరు నతానియేలు.

మొదట్నించీ చెప్తేగాని ఇది మీరు నమ్మరు. చెప్పినా నమ్ముతారని నాకు పెద్ద ఆశ లేదు.

కంకిపర్రు మిషన్ కాంపౌండులో మాది దైవశాస్త్ర కళాశాల. పాస్టర్లు కాబోయే కుర్రాళ్లు అరవైమంది, ఆరుగురు లెక్చరర్లు, ప్రార్థనకి ఒక చాపెల్, ఒక మెస్సు. రెండేళ్ల కిందట రెవరెండ్ డాక్టర్ థియోఫిలస్ గారు మాకు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ఆయన జర్మనీలో తొమ్మిదేళ్లుండి, బైబిల్లో మొదటి ఐదు పుస్తకాలూ ఎవరెవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరు వాటిని కలిపి కుట్టారు అనే విషయం మీద డాక్టరేటు తెచ్చుకున్నారు.

ఆయన పాఠం గొప్పగా ఉండేది. అబద్ధం ఎందుకాడాలి? నేను ఫైళ్లు పట్టుకుని వరండాలో నిలబడి వినేవాణ్ణి. ఒకరోజు జలప్రళయం చెప్పారు. "నోవహుని జంతువుల్ని రెండేసి ఓడ ఎక్కించమని ఒకచోట ఉంది. కాస్త ముందుకెళ్తే శుద్ధమైనవాటిని ఏడేసి ఎక్కించమని ఉంది. ప్రళయం నలభై రోజులని ఒక లెక్క, నీళ్లు నూట యాభై రోజులు నిలిచాయని ఇంకో లెక్క. ఒకచోట యెహోవా అంటారు, మరోచోట దేవుడు అంటారు" అని బోర్డు మీద ఎర్ర సుద్దతో ఒక కథా, నీలం సుద్దతో ఇంకో కథా విడదీసి రాశారు. విడదీస్తే రెండూ దేనికది చక్కగా నిలబడ్డాయి. "రెండు పాత కథలు. రెండూ పవిత్రమే. ఏదీ పారెయ్యడానికి మనసొప్పక ఎవరో పెద్దమనిషి ఓపిగ్గా కలిపి కుట్టాడు. ఆ అతుకులు వెతకడమే మన చదువు" అన్నారు.

నలభై ఏళ్లుగా ఆ అధ్యాయం చదువుతున్నాను. ఒక్క అతుకూ నా కంటబడలేదు. ఆ పేరు తెలియని పెద్దమనిషి మీద నాకు ఎక్కడలేని గౌరవం కలిగింది.

చదువు క్లాసురూములో ఉన్నంతకాలం అందరికీ బాగానే ఉంది. అది నడుచుకుంటూ నా టేబుల్ మీదికి వచ్చినప్పుడే చావు వచ్చిపడింది.

అది ఎలా వచ్చిందంటే, ఒక విద్యార్థి సెలవు చీటీ ఇచ్చాడు. సగం వాడి రాత, సగం వాడి రూమ్మేటు రాత. ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు సర్దుకుని, "నతానియేలు గారూ, ఇక్కడ అతుకు ఉంది చూశారా" అన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. మూడోరోజుకి సర్క్యులర్ వచ్చింది.

"కళాశాలకు అందు ప్రతి లిఖిత పాఠమును మూలవిమర్శకు లోనుచేయవలెను. ఏకకర్తృకమని రుజువైన పాఠములపై మాత్రమే చర్య తీసుకొనబడును. బహుకర్తృకములని తేలిన పాఠములు ఆయా మూలములుగా విడదీయబడి, ఆయా కర్తలకు తిప్పి పంపబడును. పాఠమును తిరగరాసిన లేక సరిదిద్దిన సిబ్బందిని కూర్పరులుగా పరిగణించి తగు చర్య గైకొనబడును."

ఇంటి భాషలో చెప్పాలంటే, కాగితం మొత్తం ఒక్క మనిషే రాసి ఉంటేనే పని జరుగుతుంది. ఇద్దరు చెయ్యి వేస్తే వెనక్కి పోతుంది. మధ్యలో గుమాస్తా వేలు పెడితే గుమాస్తా పోతాడు.

ఈ పనికి మూలవిమర్శ విభాగం అని ఒకటి పెట్టి, డాక్టర్ సీలాస్ బాబుని అధిపతిని చేశారు. ముప్పై ఒక్క ఏళ్లవాడు, సన్నగా ఉంటాడు, జేబులో ఎప్పుడూ నాలుగు రంగుల పెన్సిళ్లు. చెడ్డవాడు కాదు. అదే మా దురదృష్టం. చెడ్డవాడైతే ఏ మధ్యాహ్నమో బద్ధకించి ఒక కాగితం వదిలేసేవాడు. ఇతను ఒక్కటీ వదల్లేదు.

మొదటి వారం మెస్సు సరుకుల చీటీ ఆయన దగ్గరికి వెళ్లింది. అందులో కందిపప్పు రెండుచోట్ల ఉంది, పైన పది కిలోలు, కింద అయిదు కిలోలు. రాసేటప్పుడు గుర్తొచ్చి మళ్లీ రాశారని ఎవరికైనా తెలుస్తుంది. సీలాస్ గారు మాత్రం ఇది పునరుక్తి అన్నారు. ఒకే వృత్తాంతం రెండు సంప్రదాయాల్లో నిలిచిందట. చిన్న పాఠమే పాత పాఠమని సూత్రం ఉంది కాబట్టి అయిదు కిలోలే అసలైనదన్నారు. నెలంతా సాంబారులో మా ముఖాలు మేం చూసుకున్నాం.

తరవాత మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. అచ్చువేసిన ఫారం, ఖాళీల్లో పెన్నుతో నింపినది. "ముద్రిత పొర ప్రాచీనం, సిరా పొర అర్వాచీనం. మంగళవారం నీటి సరఫరా ఉండదు అనే వాక్యంలో మంగళవారం అన్నది తరవాతి చేర్పు" అని తేల్చి, ఆ చేర్పుని కొట్టేశారు. మంగళవారం అరవైమంది కుర్రాళ్లు సబ్బు రాసుకున్నాక కుళాయి తిప్పారు. నేను వినగూడని మాటలు చాలా విన్నాను, అన్నీ కాబోయే పాస్టర్ల నోటివెంటే.

కుర్రాళ్లు తెలివైనవాళ్లు, చిన్న పాఠం సూత్రాన్ని వాళ్లే ముందు పట్టుకున్నారు. ఒక్క మాట రాస్తే అతుకు ఎక్కడా దొరకదని కనిపెట్టారు. ఆ నెల నాకొచ్చిన సెలవు చీటీల్లో ఒకదాని మీద "జ్వరం" అని ఉంది. ఒకదాని మీద "అమ్మమ్మ" అని ఉంది. ఇంకోదాని మీద ఏమీ లేదు. అది అతి ప్రాచీనమని మంజూరైంది.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, జనవరిలో సలోమమ్మ కాగితం రాకపోతే.

సలోమమ్మని నేను అక్కా అంటాను. వయసులో నాకంటే రెండేళ్లు పెద్ద. అరవైమందికి ఒంటిచేత్తో వండుతుంది. మధ్యాహ్నం మెస్సు కడుక్కుని, సాయంత్రం ఎవరూ చెప్పకుండానే చాపెల్ ఊడుస్తుంది. భర్త లేడు. కూతురు కెజియాకి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ఆమోసు బోరుబావులు తవ్వే లారీ మీద పనిచేస్తాడు. ఒకళ్లనొకళ్లు ఇష్టపడ్డారు. ఆ పెళ్లి మా చాపెల్లో జరగాలని అక్క కోరిక.

చర్చి పెళ్లంటే వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదవాలి. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని అడగాలి. భస్మ బుధవారం వచ్చిందంటే శ్రమ దినాలు మొదలు, ఈస్టరు దాకా పెళ్లిళ్లుండవు. ఆ ఏడు భస్మ బుధవారం ఫిబ్రవరి పద్దెనిమిదిన పడింది. ఆ మర్నాడే బోరు లారీ ఒరిస్సా పోతుంది, మళ్లీ వానలు పడ్డాకే రావడం. అంతదాకా ఆగేది లేదని పెళ్లికొడుకు పెద్దలు ముందే చెప్పేశారు. వాళ్ల మేనత్తకి ఒక కూతురుంది, ఆ మేనత్త కాచుక్కూర్చుంది. అంటే ఫిబ్రవరి ఒకటో తేదీ ఆదివారం మొదటి ప్రకటన చదివి తీరాలి. లేకపోతే కెజియా పెళ్లి లేదు.

చాపెల్లో పెళ్లికి తల్లో తండ్రో దరఖాస్తు రాసివ్వాలి. సలోమక్కకి రాయడం రాదు. ఆవిడ పొయ్యి పక్కనే కుళాయి ఉంది. అన్నం తిని కంచం కడుక్కోవడానికి వచ్చిన కుర్రాణ్ణి పట్టుకుని, సాంబారు కలుపుతూ నాలుగు మాటలు చెప్తుంది. వాడు రాసేలోపు గంట కొడతారు, వాడు పోతాడు. మర్నాడు ఇంకొకణ్ణి పట్టుకుంటుంది. ఇరవయ్యారేళ్లుగా ఆవిడ ఉత్తరాలన్నీ ఇలాగే పుట్టాయి. ఈ దరఖాస్తుకి సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రోజులు పట్టింది, నలుగురు కుర్రాళ్లు పట్టారు.

ఇదీ ఆ కాగితం:

"ప్రిన్సిపాల్ అయ్యగారికి వంట సలోమమ్మ వందనాలు. యెహోవా మీకు తోడైయుండును గాక. ముప్పై ఏళ్ల బట్టి ఈ పొయ్యి కాడే ఉన్నాను. నాకు ఇద్దరు పిల్లలు. మహాశయా, దరఖాస్తుదారురాలనైన నేను ఇరువదియారు సంవత్సరములుగా సేవలందించుచున్నాను. నా కుమార్తె కెజియా వివాహము కళాశాల చాపెలునందు జరుపుటకు అనుమతి కోరుచున్నాను. అయ్యా, పిల్లోడి లారీ ఒరిస్సా పోద్ది, త్వరగా చదివించండి, వాళ్ల మేనత్త మంచిది కాదు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. నాకున్నది ఒక్క కూతురే. నేను ఊడ్చే గుడిలో దాని పెళ్లి చూసుకోవాలని నా ఆశ. కాదనమాకండి."

కింద వేలిముద్ర.

"అక్కా, ఇది ఒక్కడి చేత రాయించకపోయావా" అన్నాను.

"ఒక్కడు నాలుగు రోజులు వరసగా కంచం కడుక్కోడానికి యాడొస్తాడు తమ్ముడూ. ఒక రోజు కడిగినోడు మర్నాడు ఇంకోడి చేతికి కంచం ఇచ్చి పోతాడుగా" అంది.

నేను పది నిమిషాల్లో తిరగరాసి ఇవ్వగలిగేవాణ్ణి. ఇవ్వలేదు. కూర్పరినవుతానని భయపడ్డాను. ఇంకో మూడేళ్లు సర్వీసుంది నాకు. సిగ్గుపడే విషయమే, సిగ్గుపడుతూనే ఆ కాగితం సీలాస్ గారి ట్రేలో పెట్టాను.

ఆయనకి ఆ కాగితం పండగైపోయింది. "నతానియేలు గారూ, నా జీవితంలో ఇంత స్పష్టమైన బహుమూల పాఠం చూడలేదండీ" అన్నాడు. వారం రోజులు తలుపు వేసుకుని నాలుగు పెన్సిళ్లూ అరగదీశాడు. పద్దెనిమిది పేజీల నివేదిక రాశాడు. దాని మీదే కమిటీ కూర్చుంది. నేను మొదట చెప్పిన టీ ఆ రోజుదే.

సీలాస్ గారు లేచి చదివారు. "ప్రస్తుత పాఠమునందు నాలుగు మూలములు గోచరించుచున్నవి. యెహోవా నామమును వాడునది గ్రామీణ మూలము. ఇరువదియారు సంవత్సరములు, మహాశయా మొదలగు పదజాలము గలది శాసన మూలము. లారీ, మేనత్త ప్రస్తావన గలది రవాణా మూలము. దేవుడు అను సామాన్య నామమును వాడునది విలాప మూలము. ముప్పది సంవత్సరములను గ్రామీణ మూలమునకును ఇరువదియారను శాసన మూలమునకును సమన్వయము అసాధ్యము. అంతకన్న ముఖ్యముగా, గ్రామీణ మూలమున సలోమమ్మకు ఇద్దరు సంతానము. విలాప మూలమున ఒక్కతే."

"ఎంతమంది పిల్లలో ఏ తల్లికైనా తెలుస్తుంది గదా" అని ప్రిన్సిపాల్ గారు అడిగారు.

"అదే నా వాదన సార్. ఒక్క తల్లి ఈ రెండు వాక్యాలూ చెప్పే అవకాశం లేదు. కాబట్టి ఈ పాఠం వెనక ఒక్క వ్యక్తి లేదు. సలోమమ్మ అన్నది మెస్సు సమాజం తన ఆకాంక్షలకి పెట్టుకున్న సామూహిక నామం అయివుండొచ్చు. చారిత్రక సలోమమ్మ ఉన్నట్టు ఈ పాఠం నుంచి చెప్పలేం."

"అల్లం ఎక్కువైందంటగా, ఇంకో చుక్క పాలు పొయ్యనా అయ్యా" అని సలోమమ్మ ఆయన గ్లాసు అందుకుంది.

"పొయ్యమ్మా" అన్నారు సీలాస్ గారు. పోసింది. తాగారు. నివేదికలో ఒక్క అక్షరం మారలేదు.

నేను ఉండబట్టలేక, "సార్, ఆవిడ ఇక్కడే ఉన్నారు గదా" అన్నాను.

"ఆవిడ ఉన్నారండీ, కాదనను. పాఠంలోని సలోమమ్మ ఈవిడేనా అన్నది ప్రశ్న. టీ ఇచ్చినంత మాత్రాన కర్తృత్వం రుజువు కాదు" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

కమిటీ తీర్మానం ఏమిటంటే, నాలుగు మూలాలూ విడివిడిగా నాలుగు దరఖాస్తులు పెట్టుకోవాలి. జనవరిలో రెండో ఆదివారం అలా పోయింది.

అక్కకి నేనే చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. మళ్లీ నలుగురు కుర్రాళ్లని పట్టుకుంది. మెస్సులో పని ఆపకుండా నలుగురి చేతా వేరువేరుగా నాలుగు కాగితాలు రాయించింది. ఈసారి జాగ్రత్తగా అన్నిట్లోనూ ఒకటే మాట చెప్పింది. ఇరవయ్యారేళ్లు, ఒక్క కూతురు, చాపెల్లో పెళ్లి, త్వరగా చదివించండి. నేను నాలుగూ చూసుకుని హమ్మయ్య అనుకున్నాను.

సీలాస్ గారు నాలుగూ పక్కపక్కన పరిచి చాలాసేపు చూశారు. "నలుగురు స్వతంత్ర కర్తలు ఇంత అక్షరాలా ఏకీభవించడం సాధ్యమేనాండీ?"

"ఒక్కావిడే చెప్పింది గదండీ నలుగురికీ."

"అంటే వీటన్నిటికీ వెనక మనకి దొరకని ఉమ్మడి మూలం ఒకటి ఉందన్నమాట" అని ఆయన ఉత్సాహపడిపోయారు. "ఆ లుప్తమూలాన్ని పునర్నిర్మించాలి. అంతదాకా ఈ నాలుగూ కేవలం ప్రతులు."

నాకు ఒళ్లు మండింది. "సార్, తేడాగా ఉంటే నలుగురంటారు. ఒకటిగా ఉంటే కాపీ అంటారు. ఆవిడ ఏం చేస్తే మీకు మనిషవుతుంది?"

ఆయన నొచ్చుకున్నాడు. "మీరు నన్ను వ్యక్తిగతంగా అంటున్నారు. ఇది పద్ధతి, నా ఇష్టం కాదు" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, అది ముఖంలో కనబడింది. మూడో ఆదివారం పోయింది, ఆ వెనకే నాలుగోదీ పోయింది.

జనవరి ఆఖరు వారంలో పెళ్లికొడుకు బాబాయి ఆఫీసుకి ఫోను చేశాడు. "ఏవండీ, మీ వంటావిడ కూతురి పెళ్లి ప్రకటన చదువుతారా లేదా? ఆదివారం చదవకపోతే మేం వేరే చూసుకుంటాం. మాకూ పిల్లలున్నారు" అన్నాడు. వెనకనించి ఒక ఆడగొంతు ఏదో అందిస్తోంది. మేనత్త అయివుంటుంది.

ఆ కబురు అక్కకి చెప్పడానికి మెస్సుకి వెళ్లాను. ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసి పొయ్యి ముందు కూర్చుండిపోయింది. కెజియా లోపల కూరగాయలు తరుగుతోంది. వినబడే ఉంటుంది, కత్తి చప్పుడు ఆగిపోయింది.

నా సర్వీసు సంగతి తరవాత అనుకుని, తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. "సార్, కాగితాలన్నీ పక్కనపెట్టండి. ఆవిడనే పిలిచి అడగండి" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు ఆలోచించారు. "మౌఖిక సంప్రదాయం. అవును, అన్ని మూలాలకీ ముందు అదే" అన్నారు. ఈ సంగతి తనకెందుకు తట్టలేదా అని ఆయనే ఆశ్చర్యపోయారు. శనివారం మధ్యాహ్నం, జనవరి ముప్పై ఒకటిన, కమిటీ మళ్లీ కూర్చుంది.

సలోమమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

సీలాస్ గారు పెన్సిల్ చేతబట్టుకుని, "అమ్మా, ముప్పై ఏళ్లా, ఇరవయ్యారేళ్లా?" అని అడిగారు.

"మా అత్త ఇక్కడ వండేదయ్యా. ఆమెకి సాయంగా నాలుగేళ్లు చేశా, అప్పుడు నా పేరు లేదు పుస్తకంలో. ఆమె పోయినాక ఇరవయ్యారేళ్లు. రెండూ నిజమే."

సీలాస్ గారు రాసుకున్నారు. "సరే. ఇప్పుడు అసలు ప్రశ్న. మొదటి వాక్యాల్లో ఇద్దరు పిల్లలన్నారు. చివర ఒక్క కూతురే అన్నారు. ఏది మీరు చెప్పింది?"

"రెండూ నేనే చెప్పినా."

"రెండూ ఒక్కరే ఎలా చెప్తారమ్మా? ఆ రెండోవారు ఎవరు?"

ఆవిడ ఒక క్షణం నావంక చూసింది. నాకు తెలుసు. పన్నెండేళ్ల కిందట ఆ సమాధి పెట్టెకి మేకులు కొట్టింది నేనే. ఆ రెండు వాక్యాలూ ఎందుకలా ఉన్నాయో ఈ నెల రోజుల్లో ఒక్కసారి కూడా నా బుర్రకి తట్టలేదు. నన్ను నేను ఎంత తిట్టుకున్నా చాలదు.

"బర్నబా అయ్యా. కెజియా కన్నా పెద్దోడు. ఎనిమిదేళ్లప్పుడు మెదడువాపు జొరమొచ్చి పోయాడు" అంది. గొంతు ఏమీ మారలేదు. "సోమవారం కాగితం మొదలుపెట్టిన రోజు వాడు ఉన్నాడు. ఎవరైనా పిల్లలెంతమంది అంటే నోట్లోంచి ఇద్దరనే వస్తది. గురువారం లేడు. కొన్ని రోజులు ఉంటాడయ్యా, కొన్ని రోజులు ఉండడు. ఏ రోజు ఏంటనేది నాకు మాత్రం తెలుసుద్దా? మీరు ఒకటే రాయమంటే రెండోసారి ఒక్కతే అని నాలుగుసార్లు చెప్పినా. నాలుగుసార్లూ వాణ్ణి తీసేసినా. ఇంకేం చెయ్యమంటారు?"

ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. సీలాస్ గారు పెన్సిళ్లు నాలుగూ జేబులో పెట్టుకున్నారు.

"అనుమతి ఉత్తర్వు ఇప్పుడే తయారుచెయ్యండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

సీలాస్ గారే చిత్తు రాశారు. "ఇద్దరు పిల్లల తల్లియగు సలోమమ్మ కుమార్తె" అని రాశారు. చర్చి రిజిస్టరులో బతికున్నవాళ్ల పేర్లే ఉంటాయని ప్రిన్సిపాల్ గారు దాన్ని "ఏకైక కుమార్తె" అని దిద్దారు. పెళ్లికొడుకు తండ్రి పేరు ఇద్దరూ మరిచిపోతే, టైపు చేస్తూ నేను చేర్చాను. సంతకానికి పెట్టాను. ప్రిన్సిపాల్ గారు పెన్ను మూత తీశారు.

"సార్, ఇందులో మూడు చేతులున్నాయి" అన్నాడు సీలాస్ బాబు. చెప్పడం ఇష్టం లేకుండానే చెప్పాడు. అబద్ధం ఆడలేని మనిషి.

"నా సంతకం ఉంటుంది కదా."

"బైబిల్లో మొదటి ఐదు పుస్తకాల మీదా రాసింది మోషే అనే ఉంది సార్. కాదని తేల్చింది మనమే."

ప్రిన్సిపాల్ గారు పెన్ను మూత పెట్టేశారు. ఆ సర్క్యులర్‌నే రద్దు చేస్తానని, ఎవరి సాయమూ లేకుండా తనే స్వయంగా రాస్తానని కొత్త కాగితం తీసుకున్నారు. "ఇందుమూలముగా తెలియజేయునది" అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఆ వాక్యం తనది కాదట, పాత ప్రిన్సిపాల్ ఫైళ్లలోదట. కొట్టేసి ఇంకోటి రాశారు. అది బిషప్ గారి ఆఫీసు వాళ్లదట. ఏడు కాగితాలు చింపారు. పాపం, తను సొంతంగా రాసిన వాక్యం ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంటున్న మనిషిలా ఉన్నారు. ఇంతలో గాయక బృందం సాధనకి గంట కొట్టారు. ఆయన లేచి ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయారు.

మెట్ల మీద అక్క కూర్చుని ఉంది. "ఏమైంది తమ్ముడూ?"

"తెలీదక్కా" అన్నాను. నిజంగానే నాకు తెలీదు.

ఆదివారం చాపెల్ నిండిపోయింది. పెళ్లికొడుకు బాబాయి వెనక బెంచీలో వచ్చి కూర్చున్నాడు, పక్కనే పట్టుచీరలో మేనత్త. ఆవిడ ముఖం కళకళలాడుతోంది. కీర్తనలయ్యాయి, ప్రసంగమైంది. ప్రకటనలు చదివే వేళకి ప్రిన్సిపాల్ గారు ముందుకొచ్చి నిలబడ్డారు. చేతిలో కాగితం లేదు. మా చాపెల్లో ప్రకటన కాగితం లేకుండా చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"మన నియమం లిఖిత పాఠాలకి" అన్నారు. "నేను నోటితో చెప్తున్నాను. సలోమమ్మ గారి ఏకైక కుమార్తె కెజియాకీ, ఆమోసుకీ ఈ చాపెల్లో పెళ్లి జరగబోతోంది. ఇది మొదటి ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పండి."

మేనత్త కదిలింది. అయితే ఆవిడకంటే ముందు సీలాస్ బాబు లేచి నిలబడ్డాడు.

ఈ మనిషిని దేవుడే బాగుచెయ్యాలనుకున్నాను. సలోమక్క ఆడవాళ్ల వైపు నుంచి తల తిప్పి అతన్నే చూస్తోంది.

"అభ్యంతరం కాదండీ" అన్నాడు. "పాఠంలో సవరణ. ఏకైక కుమార్తె అన్నారు. అది గురువారం నాటిది. సోమవారం నాటి పాఠంలో ఇద్దరున్నారు. అది దీనికంటే పాతది. దాన్ని పోగొట్టకూడదు."

ప్రిన్సిపాల్ గారు తలూపారు. తరవాత మళ్లీ మొదట్నించి చెప్పారు, ఈసారి నిదానంగా. "బర్నబా, కెజియా, ఈ ఇద్దరు పిల్లల తల్లి సలోమమ్మ. ఆవిడకున్న ఒక్క కూతురు కెజియాకీ, ఆమోసుకీ పెళ్లి."

లెక్క కుదరని ఆ మాటలో నాకు ఎక్కడా తప్పు కనబడలేదు. సలోమక్క కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బావురుమంది. ఈ నెలంతా ఏడవని మనిషి, అందరూ చూస్తుండగా ఏడ్చింది. కెజియా తల్లి భుజం పట్టుకుంది. నేనూ ఏడ్చాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆవిడ కాస్త తేరుకునేదాకా ప్రిన్సిపాల్ గారు ఆగారు. తరవాత, ఇంకెవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగారు.

మేనత్త తలవంచుకుని కీర్తనల పుస్తకంలో ఏదో వెతుక్కుంటోంది. ఎవరూ లేవలేదు.